షట్కోణం మధ్యలో మా ఇల్లు

మా పెళ్లి శుభలేఖలో మామగారి పేరు కింద "ఫోన్" అని అచ్చు వేయించి, దాని పక్కన చుక్కలు పెట్టించారు. ఫోను ఇంకా రాలేదు. వచ్చాక ఆ చుక్కల మీద పెన్నుతో నంబరు వేసి పంచుదామని మామగారి ఆలోచన. ముహూర్తం ముందొచ్చింది, ఫోను తర్వాతొచ్చింది. శుభలేఖలు చుక్కలతోనే వెళ్లిపోయాయి. మా నాన్న కాకినాడలో కనిపించినవాళ్లకల్లా ఆ చుక్కలు చూపించి, "ఫోనున్న సంబంధం" అని చెప్పుకున్నాడు.

నేను కాపురానికొచ్చిన పదిహేనో రోజున ఫోను వచ్చింది. ఎనభై తొమ్మిది, మార్చి నెల. మా అత్తవారి ఊరు పటాన్‌చెరుకి ఆరు కిలోమీటర్లు. మామగారు సూర్యారావుగారు గోదావరి జిల్లా నుంచి వచ్చి, పబ్లిక్ సెక్టార్ ఫ్యాక్టరీ స్టోర్సులో ఇరవై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. స్థలం చవగ్గా దొరికిందని ఆ ఊళ్లో డాబా వేశారు. చవగ్గా ఎందుకు దొరికిందో గాలి తిరిగినప్పుడు తెలిసింది. మా ఆయన త్రినాథరావుకి అదే ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఆయన ఈ కథలో ఎక్కువగా నిద్రపోతూ ఉంటాడు.

నిజానికి ఆ ఫోను మాది కాదు. ఢిల్లీలో పెద్దవాళ్లు దేశం మ్యాపు మీద తేనెపట్టులాగా షట్కోణాలు గీశారట. ఒక్కో షట్కోణానికి ఒక ప్రజా టెలిఫోను. ఎంత పేదవాడైనా ఐదు కిలోమీటర్లు నడిస్తే ఫోను అందాలి. అదీ పాలసీ. మా షట్కోణంలో నాలుగు ఊళ్లున్నాయి. ఫోను ఎక్కడ పెట్టాలీ అన్నది ప్రశ్న. మా పంచాయతీ ఆఫీసుకి తలుపు లేదు. సర్పంచి సంగయ్యకి ఇంట్లో ఉండే తీరిక లేదు. చదువుకున్నవాడు, పగలంతా ఇంటిపట్టున ఉండేవాడు, ఇంటికి గట్టి తాళం ఉన్నవాడు కావాలన్నారు. మామగారు ఇంగ్లీషులో పదకొండు అర్జీలు రాశారు. ఆఖరి దానికి స్కేలు పెట్టి తనే గీసిన షట్కోణం జతచేశారు. దాని కేంద్రం సరిగ్గా మా వంటింటి గట్టు మీద పడింది.

ఫోనుతో పాటు "ప్రజా టెలిఫోన్" అని నీలం బోర్డు కూడా ఇచ్చారు. ముందు గోడకి అప్పుడే పిస్తా రంగు వేయించాం కాబట్టి ఆ బోర్డుని వెనక గోడకి, గేదెల పాక వైపు కొట్టించారు. గేదెలకి చదువు రాదు. ఫోనుని ముందు గదిలో స్టూలు మీద పెట్టి, డయలుకి తాళం వేసి, పైన అత్తగారు అల్లిన క్రోషే ముసుగు కప్పారు. కిటికీ దగ్గర మామగారు పనివేళల కాగితం అంటించారు. పొద్దున పది నుంచి పన్నెండు, సాయంత్రం నాలుగు నుంచి ఐదు. ఆదివారాలు, పండుగలు, భోజనవేళలు, మామగారి నిద్ర వేళ సెలవు.

జనం లోపలికి రాకూడదు. కిటికీ బయట నిలబడితే ఊచల సందులోంచి రిసీవరు అందించేవాళ్లం. తీగ సరిగ్గా అక్కడిదాకా వచ్చేది. మే నెల ఎండలో, తలమీద తువ్వాల కప్పుకుని, ఊచలకి చెంప ఆనించి ఊరి జనం హైదరాబాదుతో మాట్లాడేవారు. కెమికల్ ఫ్యాక్టరీల వాసన వచ్చిందంటే కిటికీ మూసేసేవాళ్లం. కిటికీ మూస్తే టెలిఫోను మూసినట్టే. అత్తగారు వెంకటరమణమ్మగారికి మాత్రం ఈ నియమాలేవీ లేవు. ఆవిడ లైను బాగానే ఉందో లేదో అని రాజమండ్రిలో ఉన్న చెల్లెలితో రోజూ అరగంట పరీక్షించేవారు.

*

శుక్రవారం శుక్రవారం దేవమ్మ వచ్చేది.

దేవమ్మ మొగుడు లింగం సౌదీలో మేస్త్రీ పని. వాళ్లకి ఊరి చివర రెండెకరాలు, ఒక బావి ఉండేవి. ఇప్పటికీ ఉన్నాయి. బావిలో నీళ్లు కూడా ఉన్నాయి, కాకపోతే కల్లులా నురగతో, పచ్చగా. ఆ నీళ్లు పారిస్తే వరి మాడిపోయిందని లింగం మూడేళ్ల కిందట దేశం దాటాడు. శుక్రవారం వాళ్లకి సెలవు. మన టైము మూడు, నాలుగు మధ్యలో ఫోను చేసేవాడు. ఎప్పుడు లైను దొరుకుతుందో తెలీదు కాబట్టి దేవమ్మ ఒంటిగంటకే వచ్చి కిటికీ బయట కూర్చునేది.

"ఏంటమ్మా అలా ఎండలో ముద్దలా కూర్చున్నావు? చూసేవాళ్లు మమ్మల్నంటారు. లోపలికి రా," అన్నారు అత్తగారు మొదటి నెలలోనే. దేవమ్మ మురిసిపోయింది. నాలుగూళ్లలో లోపలికి ప్రమోషనొచ్చింది ఆమెకొక్కదానికే. లోపలంటే ముందు గది కాదు, వెనక వసారా.

"ఊరికే కూర్చుంటే ప్రొద్దుపోదు కదా, ఈ చింతపండు గింజలు తీస్తూ ఉండు," అన్నారు అత్తగారు.

అలా మొదలైంది. చింతపండు అయ్యాక మిరపకాయల తొడిమలు. తర్వాత కందిపప్పు బాగుచెయ్యడం, అప్పడాలు, గుమ్మడి వడియాలు. ఫోనొచ్చాక కూడా పని సగంలో వదిలి వెళ్లడం మర్యాద కాదని దేవమ్మే అనుకునేది. ఆ వేసవి మా ఇంట్లో శుక్రవారాలు పెళ్లివారిల్లులా ఉండేవి. నేను మడత మంచం వేసుకుని వారపత్రిక చదువుకునేదాన్ని. కొత్త కోడలికి వేసవి పనులు లేని ఇల్లు తెలుగుదేశంలో మాదొక్కటే అయి ఉంటుంది. ఇది నేను అప్పట్లో నా అదృష్టం అనుకున్నాను. టెలిఫోను శాఖ వారి చలవ అని తెలుసుకోలేదు.

ఫోనొచ్చినప్పుడు మాత్రం దేవమ్మని ముందు గదిలోకి రానిచ్చేవాళ్లం. రిసీవరుని రెండు చేతులతో పట్టుకునేది, పసిపిల్లని ఎత్తుకున్నట్టు. రెండు నిమిషాలు మాట్లాడేది. తర్వాత వసారాలోకొచ్చి ఇరవై నిమిషాలు ఏడ్చేది. శబ్దం ఉండేది కాదు. కళ్లు తుడుచుకున్న చేత్తోనే మళ్లీ పని అందుకునేది.

మే మొదటివారంలో రుచి చూడ్డానికని పది కాయలు తెచ్చి కొత్తావకాయ పెట్టారు. దేవమ్మే ముక్కలు కొట్టింది. రెండు వారాలకి జాడీ మూతి దగ్గర తెల్లటి బూజు కనిపించింది. అత్తగారు ఆ జాడీ ముందు పోలీసు ఇన్‌స్పెక్టరులా కూర్చున్నారు.

"నలభై ఏళ్లలో నా చేతి ఊరగాయ బూజు పట్టలేదు. తడి తగిలింది. ఎవరిదీ తడి?"

ఆ జాడీలో మూడోనాడు తడి గరిట పెట్టింది నేను. అప్పుడే కడిగిన గరిట. తుడవడానికి బద్ధకించాను.

"తెలీదండీ అత్తయ్యగారూ," అన్నాను.

ఆవిడ కళ్లు మూసుకుని ఆలోచించారు. "ఆ రోజు శుక్రవారం. ముక్కలు కొడుతూ మధ్యలో ఫోనుకి లేచింది. ఏడ్చొచ్చి అదే చేత్తో ముక్క ముట్టుకుంది. కన్నీళ్ల తడి అమ్మాయ్! ఉప్పుంటుంది కదా అనుకుంటాం, ఆ ఉప్పు వేరు, ఈ ఉప్పు వేరు."

నేను తల ఊపాను. బీయస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని.

*

నెల మూడో శుక్రవారం లింగం ఫోను చేసినప్పుడు దేవమ్మ ఏడవలేదు. వసారాలోకొచ్చి, నా మంచం పక్కన కింద కూర్చుంది.

"చిన్నమ్మా, గాయన కాంట్రాక్టు అయిపోయిందంట. ఇంక రెండేండ్లకు సంతకం పెడ్తవా, ఇంటికి పోతవా అని కంపెనీవోల్లు అడుగుతున్నరంట. వచ్చే శనివారం దాకనే టైం ఇచ్చిర్రు."

"నువ్వేమన్నావు?"

"ఏమంట? ఈడికొచ్చి ఏం తింటడు, మన్ను తింటడా? అయితే యాదన్న లేడా, లేబర్ కాంట్రాక్టరు, ఆయన్ను అడిగి సూస్త అన్న. ఏదన్న పని దొరికితే వచ్చెయ్, లేకుంటె సంతకం పెట్టు అన్న. వచ్చే శుక్రారం ఫోన్ చేస్తడు. ఏ సంగతి అప్పుడు జెప్పాలె."

"ఉత్తరం రాయకూడదా?"

"పదిహేను దినాలు పడ్తది చిన్నమ్మా. సౌదీల వాళ్ల రూముకు ఫోను లేదు. మనం చెయ్యనీకి రాదు. ఆయన చేస్తేనే."

మధ్యలో బుధవారం నాడు దేవమ్మ పనిలేకుండా వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి, ఊచల్లోంచి నన్ను పిలిచింది. మొహం వెలిగిపోతోంది.

"చిన్నమ్మా, యాదన్న సరే అన్నడు! గేటు కాడ వాచ్‌మన్ పని. మా బాయిల నీళ్లు ఖరాబు జేసిన కంపెనీయే. ఏదైతేంది, నెలనెల జీతమొస్తది, ఇంటికాడుంటడు. పదో తారీకు లోపట మనిషి రావాలె అన్నడు, లేకుంటె ఇంకొకల్ని పెట్టుకుంటడంట."

"మంచిదే."

"శుక్రారం ఒక్క మాట జెప్తె సాలు. వచ్చెయ్ అని. గంతే." ఆ మాటని ఇంకోసారి తనలో తను అనుకుంది. "వచ్చెయ్."

వెళ్లేటప్పుడు కొంగులోంచి నాలుగు సీతాఫలాలు తీసి ఇచ్చినట్టు ఎవరైనా రాస్తారు. మే నెలలో సీతాఫలాలుండవు. ఊరికే నవ్వి వెళ్లింది.

*

ఆ శుక్రవారమే అత్తగారు పెద్దావకాయకి ముహూర్తం పెట్టారు. నూరు కాయలు. సంగారెడ్డి అంగట్లో మామగారు ఒక్కో కాయనీ చెవి దగ్గర పెట్టుకుని, గోటితో కొట్టి విని మరీ ఏరారు. రాత్రి నీళ్లలో వేసి, పొద్దున ఒక్కోదాన్నీ పొడిగుడ్డతో తుడిచి, వసారాలో పాత పంచెల మీద పరిచారు. కత్తిపీట కూడా ఎండలో పెట్టారు, చెమ్మ పోవాలని.

పన్నెండున్నరకే దేవమ్మ వచ్చి కత్తిపీట ముందు కూర్చుంది. ఆ చెయ్యి చూసి తీరాలి. టెంకతో సహా కాయ ఒక్క దెబ్బకి రెండయ్యేది. ఇంకో రెండు దెబ్బలకి ఎనిమిది ముక్కలు. ప్రతి ముక్కకీ టెంక అంటి ఉండేది.

"మీకు ఇవన్నీ ఉండవులే," అన్నారు అత్తగారు మెచ్చుకోలుగా. "మీది తొక్కు. తొక్కు వేరు, ఆవకాయ వేరు."

"అవునమ్మా," అంది దేవమ్మ. ఆ రోజు ఏమన్నా అవునమ్మా అనేలా ఉంది.

రెండున్నర దాటింది. ముప్పై కాయలు పూర్తయ్యాయి. అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచారు. గొంతు తగ్గించారు.

"అమ్మాయ్, మూడింటికి వాడు చేస్తాడు. ఇది లేస్తుంది. ఏడుస్తుంది."

"ఇవాళ ఏడవదేమో అత్తయ్యగారూ. మంచి వార్తే చెప్పాలి."

"సంతోషమొస్తే ఏడవరూ? అప్పుడింకా ఎక్కువ ఏడుస్తారు. నూరు కాయలమ్మాయ్. నాలుగు మానికల ఆవపిండి. బూజు పడితే నేను నలుగురిలో తలెత్తుకోగలనా?" నా చేతుల వైపు చూశారు. "లేదంటే మిగిలిన డెబ్బై నువ్వు కొట్టు. నీ చెయ్యి పొడిదే కదా."

నేను కత్తిపీట వైపు చూశాను. డెబ్బై కాయల వైపు చూశాను. బయట ఎండ నలభై మూడు డిగ్రీలు.

"గల్ఫువాళ్లకి డబ్బులుంటాయి," అన్నారు అత్తగారు. "మళ్లీ నాలుగింటికి చేస్తాడు, ఐదింటికి చేస్తాడు. ముక్కలైపోయాక ఎంతసేపైనా మాట్లాడుకోమను. మనమేమన్నా వద్దన్నామా?"

నేను ముందు గదిలోకి వెళ్లాను. క్రోషే ముసుగు తీసి, రిసీవరు ఎత్తి, స్టూలు మీద పక్కగా పెట్టాను. అది కాసేపు గుయ్యిమని, తర్వాత కుయ్ కుయ్ మని చప్పుడు మొదలుపెట్టింది. దాని మీద మామగారి తలదిండు పెట్టాను. మామగారు పక్కనే పడక్కుర్చీలో ఉన్నారు. కళ్లు తెరిచి చూసి, దిండు లేకుండానే మళ్లీ పడుకున్నారు.

నాలుగింటికి ఇరవై కాయలు మిగిలాయి. నాలుగున్నరకి జీడి తీసి, పొర తుడవడం మొదలుపెట్టాం. దేవమ్మ మధ్య మధ్యలో తలెత్తి ముందు గది వైపు చూసేది.

"ఇంకా రాలేదేంది?" అంది ఒకసారి.

"లైను దొరకాలి కదా. సౌదీ అంటే పక్కనుందా?" అన్నారు అత్తగారు.

ఒకసారి పెద్ద జాడీ తెమ్మంటే దేవమ్మ ముందు గదిలోకి వెళ్లింది. నేను పొర తుడవడం ఆపి గుమ్మం వైపు చూశాను. జాడీ చంకనెత్తుకుని తిరిగొచ్చి, పొర తుడిచే గుడ్డ మళ్లీ అందుకుంది.

ఆరుంబావుకి ఆఖరి ముక్క మీద నూనె పడింది. నేను వెళ్లి దిండు తీసి, రిసీవరు పెట్టేశాను. చేతికి వెచ్చగా తగిలింది. ఏడున్నర దాకా దేవమ్మ స్టూలు పక్కనే కింద కూర్చుంది. ఫోను మోగింది, ఒకసారి. అత్తగారి చెల్లెలు, రాజమండ్రి నుంచి, ఆవకాయ ఎలా కుదిరిందని.

"రేపు జేస్తడేమో," అంది దేవమ్మ లేస్తూ.

"చేస్తాడు," అన్నాను.

శనివారం కూడా వచ్చి కూర్చుంది. రాలేదు. అడక్కుండానే వసారా కడిగి వెళ్లింది.

*

మంగళవారం డిపార్ట్‌మెంటు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ప్రజా టెలిఫోను ప్రజలకి అందుతోందా లేదా అని మూడు నెలలకోసారి చూడాలిట. పొడుగు ఫారం తెచ్చాడు. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. నీలం బోర్డు ఏదని అడిగితే గేదెల పాక చూపించి, "గ్రామీణుల రాకపోకలు అటువైపే ఎక్కువండీ," అన్నారు.

ఫారం చివర వాడుకదారు ఒకరిని విచారించి వేలిముద్ర వేయించాలి. వసారాలో దేవమ్మ ఉంది. లింగం ఈ మధ్యలో ఎప్పుడైనా చేస్తాడేమోనని ఆ వారమంతా రోజూ వస్తోంది. రోజూ ఏదో ఒక పని దొరుకుతోంది.

"అమ్మా, ఫోను మంచిగ పనిచేస్తుందా?" అడిగాడు ఇన్‌స్పెక్టరు. ఆయనది సదాశివపేట అట, భాష ఇక్కడిదే.

"మంచిగనే జేస్తుంది సారు. మొన్న శుక్రారం ఒక్కనాడే పండుకున్నది."

"పండుకున్నదా?"

"అవును. జాడీ తేనీకి పోతే సూసిన. శెవుల పెట్టుకునేది పక్కకు పండుకోబెట్టిర్రు, మీద మెత్త గూడ ఏసిర్రు. పాపం గురక పెడుతుండె. మూడు నెలలసంది ఒక్కతీరుగ మోగుతుందాయె, జెర ఆరాం జేస్తుంది గావచ్చు అనుకున్న."

వసారాలో ఆవకాయ వాసన తప్ప ఏదీ కదల్లేదు. అత్తగారు నా వైపు చూశారు. నేను గేదెల వైపు చూశాను. మామగారు పొడిదగ్గు దగ్గారు.

ఇన్‌స్పెక్టరు పెన్ను ఎత్తి పట్టుకుని ఉన్నాడు. అతనికి అర్థమైంది. ఇరవై ఏళ్లుగా అతని పని అదే.

"ఎంతసేపు పండుకుంది?"

"పొద్దుగూకే దాక సారు."

"ఆ దినం నీకు ఫోన్ రావల్సుండెనా?"

"ఉండె. రాలే. లైను దొరకలేదేమో ఆయనకు."

అతను చాలాసేపు ఫారం వైపే చూశాడు. ఇప్పుడు చెప్పేస్తాడు అనుకున్నాను. చెప్పేస్తే బాగుండును అని కూడా అనుకున్నాను. అయితే అది నేను వంటింట్లోకి వెళ్లాక చెప్తే ఇంకా బాగుండును.

అత్తగారు కుర్చీ జరిపారు. "ముందు భోంచెయ్యండి బాబూ. వేళ మించిపోయింది. కొత్తావకాయ, వేడన్నం, నెయ్యి. ఇంత ఎండలో వచ్చారు, ఉత్త కడుపుతో వెళ్తే మాకు పాపం."

అతను భోంచేశాడు. ఆవకాయ రెండోసారి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఫిర్యాదులు ఏమన్న ఉన్నయా అమ్మా?" అని దేవమ్మని ఆఖరి ప్రశ్న అడిగాడు.

దేవమ్మ అత్తగారి వైపు చూసింది. "ఫిర్యాదేంది సారు? ఎండల కూసోకుంట లోపట కూసోబెట్టుకుంటరు. మా ఇంటి మనుషుల లెక్కనే."

"లేవు" అని రాశాడు. పైన ఒక గడిలో "ప్రజలకు అందుబాటు: తృప్తికరం" అని రాశాడు. దేవమ్మ వేలికి సిరా రాసి, బొటనవేలు ఒత్తించాడు. ఆ వేలి మీద అప్పటికే మిరపపొడి రంగు ఉంది. గుర్తు ఎర్రగా, నల్లగా పడింది. అత్తగారు ఒక సీసాడు ఆవకాయ కాగితం చుట్టి అతని స్కూటరు డిక్కీలో పెట్టించారు.

"పరికరాన్ని జాగ్రత్తగ వాడుండ్రి," అని మామగారితో చెప్పి వెళ్లాడు. అంతకంటే కఠినంగా ఆ శాఖ మాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

*

శుక్రవారం మూడూ పదికి ఫోను మోగింది. ఎత్తింది నేను.

"చిన్నమ్మా, నేను లింగాన్ని. పోయిన శుక్రారం ఇరవై ముప్పైసార్లు కొట్టిన. ఎంగేజ్. ఎప్పుడు కొట్టినా ఎంగేజే. ఫోను బూతుల నా ఎనకున్న మలయాళపోల్లు తిట్టుడు శురు జేసిర్రు. మూడు బూతులు తిరిగిన. మా క్యాంపు బస్సు పోయేదాక కొట్టిన."

"లైను పాడైంది లింగం," అన్నాను. "ఇక్కడ గాలివాన వచ్చింది." రాలేదు.

"గట్లనా. మీరేం జేస్తరు చిన్నమ్మా. మీరుండబట్టి గీ మాత్రం మాట్లాడుతున్నం. జెర దేవమ్మను పిలువుండ్రి."

దేవమ్మ వచ్చి రిసీవరు తీసుకుంది. నోరు తెరిచి, "వచ్చెయ్—" అంది. అవతల అతను మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె వింటూ నిలబడింది. "ఎప్పుడు?" అంది. "శనారమే పెట్టినవా?" అంది. "రెండేండ్లా," అంది. యాదన్న సంగతి చెప్పలేదు. "మంచిగ తిను," అని చెప్పి, రిసీవరు నాకు అందించింది.

నేను పెట్టేశాను. ఆమె కదల్లేదు.

"చిన్నమ్మా, ఎంగేజంటే ఏంది?"

"అవతలివాళ్లు ఎవరితోనో మాట్లాడుతున్నారని."

"మాట్లాడితేనే గట్లొస్తదా?" ఫోను వైపు చూస్తూ అడిగింది. "పండుకోబెడితె గూడ వస్తదా?"

అబద్ధం నాలిక చివరనే ఉంది. ఎందుకో ఆ ఒక్కసారి బద్ధకించాను.

"వస్తుంది," అన్నాను.

"గట్లనా," అంది దేవమ్మ.

నా మొహం వైపు ఎక్కువసేపు చూడలేదు. వసారాలో సగం పెట్టిన వడియాలు, తడిగుడ్డ, పిండిగిన్నె అలాగే ఉన్నాయి. వాటిని దాటుకుంటూ వెళ్లి, చెప్పులు తొడుక్కుని, గేటు తీసుకుని వెళ్లిపోయింది. గేటు వెయ్యలేదు. గేదె ఒకటి బయటికి పోయింది.

"పిండి అలా వదిలేసి పోయిందేంటి!" అన్నారు అత్తగారు. "ఏమైందే దానికి?"

"రెండేళ్లకి సంతకం పెట్టేశాడట."

అత్తగారు కూర్చుని, గుడ్డ తడిపి, తనే వడియం పెట్టారు. ఇంకోటి పెట్టారు. మూడో దానికి నడుం పట్టుకున్నారు.

"రెండేళ్లంటే మళ్లీ వేసవి, ఆ పై వేసవీనీ," అన్నారు.

మిగతావి నేను పెట్టాను.

*

ఆ వారం ఋతుపవనాలు వచ్చాయి. యాదన్న గేటు దగ్గర ఇంకొకరిని పెట్టుకున్నాడని సర్పంచి సంగయ్య కిటికీ దగ్గర ఎవరితోనో ఫోనులో చెప్తుంటే విన్నాను. దేవమ్మ ఆరు రోజులు కనిపించలేదు. నాకు నిద్ర పట్టలేదు. పశ్చాత్తాపం అని రాయడానికి బాగుంటుంది కానీ, దేవమ్మ ఊళ్లో చెప్పేస్తుందేమోనని భయం. ఆ రెండూ కలిసి ఉన్నప్పుడు ఏది ఎంతో ఎవరు కొలిచారు?

శుక్రవారం పొద్దున అత్తగారు అటక మీద నుంచి కొత్త చింతపండు బుట్ట దింపించారు. వసారాలో పీట వాల్చారు. పీట పక్కన సుత్తి, రాయి, గింజలకి చాట.

"దేవమ్మ రాదేమో అత్తయ్యగారూ," అన్నాను.

"ఎందుకు రాదు?"

"దానికి తెలిసిపోయింది."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. బుట్ట మీద గుడ్డ తీసి, చింతపండు వాసన చూశారు.

"వాడు శుక్రవారం చేస్తాడా, మానేస్తాడా?"

"చేస్తాడు."

"ఎక్కడికి చేస్తాడు?"

"మనింటికి."

"మరి?" అన్నారు అత్తగారు.

ఒంటిగంటకి వాన తెరిపిచ్చింది. మామగారు పడక్కుర్చీలో, మా ఆయన నైటు డ్యూటీ చేసొచ్చి లోపల గదిలో నిద్రపోతున్నారు. నేను వారపత్రిక తెరిచి, ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాను.

గేటు చప్పుడైంది. దేవమ్మ మోకాళ్ల దాకా బురదతో వచ్చింది. నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంది. వసారాలోకొస్తూ ముందు గదిలోకి తొంగిచూసింది. రిసీవరు దాని చోట ఉందో లేదో చూసుకుంది. ఆ చూడ్డం అత్తగారూ నేనూ చూశాం. మేము చూశామని ఆమె కూడా చూసింది.



ఆమె కొంగు బిగించి నడుముకి దోపుకుంది. పీట మీద కూర్చుని, బుట్ట దగ్గరికి లాక్కుంది.

"ఇవన్నీ ఇయ్యాల్నే ఒడగొట్టాల్నా అమ్మా?" అని అడిగింది.